ఏడేళ్ల పాలసీని ఇప్పుడు వదులుకోవాలా?

హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. ఆమె ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని, వయసు నలభై మూడు. భర్త ఒక షోరూంలో అకౌంటెంటు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 62 వేలు. పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోంది, బాబు తొమ్మిదో తరగతి. తల్లిదండ్రులు సూర్యాపేటలో సొంత ఇంట్లో ఉంటున్నారు. చిన్న బట్టల దుకాణం నడిపిన తండ్రి ఓపిక తగ్గి దాన్ని మూసేశారు, ఆ గది అద్దె 9 వేలే ఇప్పుడు వారి ఆదాయం. ఆయనకు 69 ఏళ్లు, వచ్చే జనవరిలో డెబ్బై నిండుతాయి. తల్లికి 64. రెండు మోకాళ్లూ అరిగిపోయి మెట్లెక్కలేని స్థితికి వచ్చారు. మోకీళ్ల మార్పిడికి నాలుగున్నర లక్షలవుతుందని హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి చెప్పింది.

2019 అక్టోబరులో ఆమె అమ్మానాన్నలిద్దరికీ కలిపి 5 లక్షల ఆరోగ్య బీమా ఫ్లోటర్ పాలసీ, అంటే ఒకే బీమా మొత్తాన్ని ఇద్దరూ పంచుకునేది, తీసుకున్నారు. మొదట 26 వేల చిల్లర ఉన్న ప్రీమియం 2024 నాటికి పన్నుతో కలిపి 61,360 అయింది. నిరుడు 57,200 కట్టారు. ఈ అక్టోబరుకు 62,920 కట్టాలని నోటీసు వచ్చింది. 'ఆరోగ్య బీమా మీద పన్ను తీసేశామన్నారు కదా, మాకెందుకు తగ్గలేదు?' అని ఆమె అడుగుతున్నారు.

గత ఫిబ్రవరిలో తండ్రికి గుండెనొప్పి వచ్చింది. హైదరాబాద్‌లో స్టెంట్లు వేశారు, నాలుగు రోజులుంచారు, బిల్లు 3,60,000 అయింది. బీమా కంపెనీ ఇచ్చింది 1,71,000. మిగిలిన 1,89,000 కోసం ఆమె తన నాన్‌తాడును, గాజులను తాకట్టు పెట్టారు. వడ్డీ ఇంకా నడుస్తోంది. 'సగం కూడా ఇవ్వని పాలసీకి ఏటా అరవై వేలు ఎందుకు పోయడం? ఆపేసి ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దాం' అని బెంగళూరులో ఉంటున్న తమ్ముడు అంటున్నాడు. పిల్లల ఫీజులు ముందుకొస్తున్నాయి కాబట్టి భర్త ఏమీ అనకపోయినా ముఖం చిన్నబుచ్చుకుంటున్నారు. 'నా కోసం ఇంత ఎందుకమ్మా, ఆపెయ్' అని తండ్రి ఫోనులో అన్నారట. ఉత్తరం చివర ఆమె మరో భయం బయటపెట్టారు. పాలసీ తీసుకునేటప్పటికే నాన్నకు బీపీ ఉంది, మాత్రలు వాడుతున్నారు. 'అది రాస్తే ఒప్పుకోరు, వదిలేయండి' అని ఏజెంటు చెబితే ఫారంలో రాయలేదు. అది బయటపడితే మొత్తం పోతుందేమోనని ఆమె బెంగ. ఆసుపత్రి బిల్లు, కంపెనీ పంపిన సెటిల్‌మెంట్ లెటరు, పాలసీ పత్రం ప్రతులను ఉత్తరంతో జతచేశారు.

సమాధానం

మీరు పంపిన కాగితాలన్నీ చదివాను. ముందుగా ఒక మాట చెప్పాలి. పాలసీ ఉంచాలా, తీసేయాలా అన్న ప్రశ్నకు ఇప్పుడే సమాధానం వెతకకండి. అంతకంటే ముందు ఫిబ్రవరిలో లక్షా ఎనభై తొమ్మిది వేలు ఎక్కడ కారిపోయాయో చూడాలి. ఆ లెక్క తేలకుండా నిర్ణయం తీసుకుంటే, తప్పు ఎక్కడో జరిగితే శిక్ష ఇంకెక్కడో పడుతుంది.

మీ బిల్లులో నాలుగు పద్దులున్నాయి. గది అద్దె రోజుకు 9 వేల చొప్పున 36,000. స్టెంట్లు, మందులు, పరీక్షలు కలిపి 1,44,000. ప్రొసీజరు ఛార్జీలు, డాక్టర్ల ఫీజులు, నర్సింగు కలిపి 1,62,000. గ్లవుజులు, రిజిస్ట్రేషను వంటి, కంపెనీ ఎటూ ఇవ్వని చిల్లర ఖర్చులు 18,000. మీ పాలసీలో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 5 వేలు. దాని మీద పది శాతం కో-పే ఉంది, అంటే ఒప్పుకున్న మొత్తంలో పదో వంతు మీరే భరించాలి.

నాన్నగారిని 9 వేల గదిలో చేర్చినప్పుడు మీకు ఎవరూ చెప్పని విషయం ఇది. పరిమితికి మించిన గది తీసుకుంటే కోత ఆ గది అద్దెతో ఆగదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు వంటి ఛార్జీలను కూడా అదే నిష్పత్తిలో, మీ విషయంలో తొమ్మిదింట అయిదు వంతులకు, తగ్గించి ఇస్తారు. ఆసుపత్రులు చాలావరకు గది తరగతిని బట్టే మిగిలిన ఛార్జీలు వేస్తాయన్నది దీనికి చెప్పే కారణం. ఆ అర్ధరాత్రి ఆందోళనలో కౌంటరు దగ్గర 'డీలక్స్ ఒక్కటే ఖాళీ ఉంది' అంటే ఎవరు మాత్రం కాదనగలరు? అయితే ఆ కోత అన్నిటికీ వర్తించదు. మందులు, శరీరంలో అమర్చే స్టెంట్ల వంటి పరికరాలు, రోగనిర్ధారణ పరీక్షలకు దాన్ని వర్తింపజేయరాదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో స్పష్టం చేసింది. ఐసీయూ ఛార్జీలకూ అంతే. మీ పాలసీ పత్రంలో 'అసోసియేట్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్' అన్న నిర్వచనం కింద ఇదే ఉంది. ఆ పేరా మీద గీత గీసి పెట్టుకోండి.

ఇప్పుడు మీ సెటిల్‌మెంట్ లెటరు చూడండి. గదికి 20,000, ప్రొసీజరు వగైరాలకు 90,000 ఒప్పుకున్నారు. ఆ రెండూ సరే. కానీ స్టెంట్లు, మందులు, పరీక్షల 1,44,000ను కూడా తొమ్మిదింట అయిదు వంతులు చేసి 80,000గా చూపించారు. ఆ మొత్తం 1,90,000లో పదో వంతు తీసేసి 1,71,000 ఇచ్చారు. పాలసీలో రాసిన ప్రకారమైతే 1,44,000 పూర్తిగా లెక్కలోకి రావాలి. అప్పుడు ఒప్పుకోవలసింది 2,54,000, కో-పే పోగా చేతికి రావలసింది 2,28,600. అంటే మీకు ఇంకా 57,600 రావాలి. ఇది దయగా అడుక్కోవలసిన డబ్బు కాదు, మీ హక్కు.

దీనికి దారి కొంచెం నిదానమైనదే అయినా ఖర్చు లేనిది. ముందు కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి ఈ లెక్క అంతా ఒక పేజీలో రాసి ఈమెయిల్ పంపండి. ఫోనులో మాట్లాడినదానికి రుజువు ఉండదు కాబట్టి రాతలోనే ఉంచండి. ఐఆర్‌డీఏఐ నడిపే 'బీమా భరోసా' పోర్టల్లోనూ నమోదు చేయవచ్చు, సహాయం కావాలంటే 155255 నంబరు ఉంది. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఆ కార్యాలయం పరిధిలోనే ఉన్నాయి. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు, 50 లక్షల వరకు వివాదాలు వింటారు. అక్కడి తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. అయితే కంపెనీ కాదన్న నాటి నుంచి ఏడాదిలోగా వెళ్లాలి, ఆ గడువు జారవిడవకండి. ఆ డబ్బు వస్తే మరి దేనికీ వాడకుండా ముందు తాకట్టుకు కట్టండి.

తమ్ముడు మీ మాట వినాలంటే ఇంకో లెక్క కూడా చెప్పాలి. అదే వైద్యం 5 వేల గదిలో జరిగి ఉంటే, మిగిలిన ఛార్జీలేవీ తగ్గకపోయినా, మీ చేతి నుంచి పోయేది సుమారు 50 వేలు మాత్రమే. గది తేడా రోజుకు 4 వేలే అయినా దాని వల్ల పడిన మొత్తం భారం 80 వేలు దాటింది. 'సగం కూడా ఇవ్వని పాలసీ' అని అతను అంటున్నది నిజమే, కానీ ఆ సగంలో ఒక పెద్ద ముక్క గది వల్ల పోయింది, ఇంకో ముక్కను కంపెనీ తప్పుగా కోసింది.

ప్రీమియం సంగతికి వస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్‌టీ పూర్తిగా పోయింది. 2024లో మీరు కట్టిన 61,360లో అసలు ప్రీమియం 52,000, పన్ను 9,360. నిరుడు పన్ను లేదు, కానీ అసలు ప్రీమియాన్ని పది శాతం పెంచి 57,200 చేశారు. ఈసారి దాని మీద మరో పది శాతం పెంచి 62,920 చేశారు. పన్ను పోవడంతో మిగిలిన డబ్బును రెండు పెంపుదలలు మింగేశాయి. ఇది మోసం కాదు, మీకు మేలూ కాదు. అరవై దాటినవారి ప్రీమియాన్ని ఏడాదిలో పది శాతానికి మించి పెంచాలంటే తమను ముందుగా సంప్రదించాలని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అంతకు ముందు ఒకే ఏడాదిలో ముప్పై, నలభై శాతం పెరిగిన ఇళ్లున్నాయి కాబట్టి ఆ ఆదేశం మంచిదే. కానీ ఆచరణలో మీ కంపెనీ ఆ పది శాతం గీత దాకా ప్రతి ఏడూ వచ్చేస్తోంది. ఇదే వేగంతో పోతే ఏడేళ్లలో ప్రీమియం దాదాపు రెట్టింపవుతుందని మీరు ముందే గ్రహించి ఉండాలి.

దేశం మొత్తం మీద చూస్తే జనం సొంత జేబు నుంచి పెట్టే వైద్య ఖర్చు వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని ప్రభుత్వ జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. ఆ తగ్గుదల మీ ఇంటి గడప దాకా రాలేదు. ప్రభుత్వోద్యోగులకు హెల్త్ కార్డుంటుంది, పేద కుటుంబాలకు ఆరోగ్యశ్రీ ఉంటుంది, పెద్ద కంపెనీల్లో పనిచేసేవారి తల్లిదండ్రులకు కొన్నిచోట్ల గ్రూపు పాలసీ ఉంటుంది. చిన్న వ్యాపారం చేసి రిటైరయినవారు, ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పేవారు మధ్యలో మిగిలిపోయారు. ఏ నెలా తప్పకుండా పన్నులు కట్టిన మనిషి డెబ్బయ్యో ఏట 'నా కోసం ఖర్చు పెట్టకండి' అనవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

బీపీ దాచిన విషయంలో మీరు అనుకున్నంత ప్రమాదం లేదు. పాలసీ ఆగకుండా అయిదేళ్లు, అంటే అరవై నెలలు, నడిచాక ఏదో చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిమును కాదనరాదన్నది నియమం. ఇంతకు ముందు ఎనిమిదేళ్లుండే ఈ గడువును 2024లో అయిదుకు తగ్గించారు. మీది ఏడో ఏడు పూర్తి కావస్తోంది. దీనికి ఒకే మినహాయింపు, కావాలని మోసం చేశారని కంపెనీ రుజువు చేయగలగడం. ఏజెంటు మాట విని ఒక గడి ఖాళీగా వదిలేయడాన్ని మోసంగా నిరూపించడం తేలిక కాదు. పైగా ఫిబ్రవరి క్లెయిములో ఆసుపత్రి కేస్‌షీటులో బీపీ సంగతి ఉన్నా కంపెనీ అభ్యంతరం చెప్పలేదు. కానీ ఇక ముందు ఏ ఫారం నింపినా బీపీ, స్టెంట్లు, వాడే మాత్రలన్నీ రాయండి, అవతల కూర్చున్నవారు వద్దన్నా రాయండి. పాలసీని ఆపేసి రెండేళ్ల తర్వాత మళ్లీ కొత్తది తీసుకుంటే ఈ అయిదేళ్ల రక్షణ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని కూడా గుర్తుంచుకోండి.

నేను తమ్ముడితో విభేదించేది అక్కడే. ఏడేళ్లు ఆగకుండా నడిచిన పాలసీకి ఉండే విలువ ఏటా కట్టే ప్రీమియంలో కనబడదు. అది పాతబడినకొద్దీ కాపు కాసే మామిడిచెట్టు, నరికితే అదే చోట రేపే అలాంటిది లేవదు. స్టెంట్లు పడిన 69 ఏళ్ల మనిషికి కొత్త పాలసీ ఇవ్వడానికి కంపెనీలు చాలావరకు ఇష్టపడవు. వయసు పరిమితి పెట్టవలసిన అవసరం లేదని 2024లో నిబంధన మారినా, ఆరోగ్య స్థితి చూసి కాదనే హక్కు వారికి ఉంది. ఒకవేళ ఇచ్చినా పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగు పెట్టవచ్చు, అంటే ఆ గడువు తీరేదాకా వాటికి డబ్బివ్వరు. మీ అమ్మగారి సంగతి ఇంకా దగ్గరది. కొత్త పాలసీల్లో మోకీళ్ల మార్పిడికి మామూలుగా రెండేళ్ల వెయిటింగు ఉంటుంది. మీ పాలసీలో అది ఎప్పుడో తీరిపోయింది. ఆమెకు ఆపరేషను తప్పనిసరి అని డాక్టరు చెప్పిన ఏడాదిలోనే ఆ పాలసీని తీసేయడం, నా దృష్టిలో, మీ ముందున్న దారులన్నిటిలోకీ ఖరీదైనది.

ఫిక్స్‌డ్ డిపాజిట్ లెక్కనూ న్యాయంగా చూద్దాం. ఏటా 62,920 వేస్తే అయిదేళ్లకు వడ్డీతో మూడున్నర నుంచి నాలుగు లక్షల మధ్య ఉంటుంది. అయిదేళ్లూ ఎవరికీ ఏమీ కాకపోతే తమ్ముడి మాటే గెలుస్తుంది, ఆ డబ్బు మీదే. కానీ మొదటి ఏడాదిలోనే అవసరం పడితే చేతిలో ఉండేది ఆ 63 వేలే, అమ్మ మోకాళ్ల ఖర్చు మాత్రం ముందే తెలిసినది. ఇద్దరూ ఆరోగ్యంగా ఉండి, ఇంకేదైనా రక్షణ ఉన్న ఇంటికి అతని సలహా పనికొస్తుంది. మీ ఇంటికి ఇప్పుడు పనికిరాదు.

అలాగని ఉన్న పాలసీని కళ్లు మూసుకుని ఇలాగే కడుతూ పోవాలని కూడా నేను అనను. జనవరిలో నాన్నగారి పరిస్థితి మారబోతోంది. డెబ్బై ఏళ్లు నిండినవారందరికీ, ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం అందేలా ఆయుష్మాన్ భారత్‌ను 2024 అక్టోబరు 29న విస్తరించారు. ఆయుష్మాన్ వయ వందన కార్డు అంటారు. ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు, పాత జబ్బులకు వెయిటింగు లేదు. ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీయే లెక్క కాబట్టి, అందులో తప్పుంటే ఇప్పుడే సరిచేయించండి. ఆయుష్మాన్ యాప్‌లో నమోదు చేసుకోవచ్చు, 14555కు ఫోను చేస్తే వివరాలు చెబుతారు. ఇది అమ్మగారికి వర్తించదు, ఆమెకు ఇంకా 64.

ఈ కార్డు వచ్చాక నాన్నగారి వరకు ప్రైవేటు పాలసీ అక్కర్లేదని అనిపించవచ్చు. కొంత నిజముంది, కొంత ఇబ్బందీ ఉంది. ఈ పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనే వైద్యం దొరుకుతుంది, అన్ని పెద్ద ఆసుపత్రులూ అందులో లేవు. బకాయిలు పేరుకుపోయాయని ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వ పథకాల సేవలు ఆపేయడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. గుండెనొప్పి వచ్చిన రాత్రి అలాంటి వార్త ఎదురైతే ఏం చేస్తారు? అందుకని కనీసం ఒక ఏడాది రెండూ ఉంచుకుని, సూర్యాపేటలో, నల్లగొండలో, హైదరాబాద్‌లో ఆ కార్డు నిజంగా ఎక్కడెక్కడ నడుస్తుందో చూసుకున్నాక నిర్ణయం తీసుకోవడం నాకు సబబనిపిస్తుంది. అప్పటికీ ప్రీమియం మోయలేకపోతే, నాన్నగారిని ప్రభుత్వ కార్డు మీద ఉంచి అమ్మగారిని మాత్రం ప్రైవేటు పాలసీలో కొనసాగించడం రెండో దారి. మీది ఫ్లోటరు, అంటే చాలా కంపెనీల్లో ఇంట్లో పెద్దవారి వయసును బట్టి ప్రీమియం పడుతుంది. ఆమెను విడిగా వ్యక్తిగత పాలసీకి మారిస్తే ఎంతవుతుందో అదే కంపెనీని లిఖితపూర్వకంగా అడగండి, ఆమె ఏడేళ్ల కొనసాగింపు పోకుండా మార్చాలని ఆ ఉత్తరంలోనే రాయండి.

ఆరోగ్యశ్రీ సంగతి మీరు ఒక్క వాక్యంలో వదిలేశారు, 'దుకాణం ఉన్న రోజుల్లో కార్డు తీసేశారు' అని. ఆ రోజులు వేరు, ఇప్పుడు వేరు. తెలంగాణలో పట్టణ ప్రాంత కుటుంబానికి ఆహార భద్రతా కార్డు ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. మీ తల్లిదండ్రుల అద్దె ఏడాదికి 1,08,000. వారు మీతో గానీ తమ్ముడితో గానీ కాక విడిగా ఉంటున్నారు. మిగిలిన షరతులు కూడా సరిపోతే, ఉన్నది ఉన్నట్టు రాసి మీసేవలో దరఖాస్తు చేయించండి. కార్డు వస్తే రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి 10 లక్షల దాకా రక్షణ ఉంటుంది, అమ్మగారికి కూడా వర్తిస్తుంది. ఆ పరిమితిని 5 నుంచి 10 లక్షలకు 2023 డిసెంబరులో పెంచారు. మోకీళ్ల ఆపరేషను జాబితాలో ఉందో లేదో, ఏ ఆసుపత్రికి అనుమతి ఉందో మాత్రం ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి. కార్డు వచ్చేలోపు దాని మీద ఆశ పెట్టుకుని పాలసీ రెన్యువలు ఆపవద్దు.

కంపెనీ మారడం, అంటే పోర్టబిలిటీ, ఇంకో దారి. రెన్యువలు తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు చేయాలి, మీకు కొద్ది రోజులే మిగిలాయి. గది పరిమితి లేని పాలసీ దొరికితే లాభమే. కానీ స్టెంట్ల వల్ల నాన్నగారిని వద్దనే అవకాశమే ఎక్కువ. ప్రయత్నించండి, తప్పు లేదు, కొత్త కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం చేతికొచ్చే దాకా పాతదాన్ని మాత్రం ముట్టుకోకండి.

డబ్బు మోసే సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఏడేళ్లుగా ప్రీమియం అంతా మీ ఇంటి నుంచే పోతోంది, తమ్ముడు పండుగలకు బట్టలు పెడుతున్నాడు, సలహాలు ఇస్తున్నాడు. అతని మీద కోపం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, కానీ అలసట ఉంది. తల్లిదండ్రుల పోషణ, వైద్యం కొడుకు, కూతురు ఇద్దరి బాధ్యతా అని 2007 నాటి చట్టం చెబుతోంది. అది అతని ముందు పెట్టమని చెప్పడానికి కాదు, 'ఆడపిల్లవి, నీకెందుకు' అనో 'నువ్వే తీసుకున్నావు కదా' అనో ఎవరైనా అంటే మీ మనసులో తడబాటు లేకుండా ఉండటానికి చెబుతున్నాను. అతనితో ఫోనులో కాక, అందరూ సూర్యాపేటలో ఉన్న రోజు కూర్చుని, పైన చెప్పిన బిల్లు లెక్క కాగితం మీద చూపించండి. 'ఎంతో కొంత పంపు' అనడం కంటే 'నెలకు 2,700 నీది, 2,700 నాది, పైన వచ్చే ఖర్చుల్లో సగం సగం' అని చెబితే మాట తేలుతుంది. అతను పాత పన్ను విధానంలో ఉంటే, అరవై దాటిన తల్లిదండ్రుల కోసం బ్యాంకు ద్వారా కట్టిన ప్రీమియం మీద ఏడాదికి 50 వేల దాకా మినహాయింపు కూడా వస్తుంది. అతను ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు మీరు మోయగలిగినంతకే, అంటే నాన్నగారికి ప్రభుత్వ కార్డు, అమ్మగారికి విడి పాలసీ అన్న రెండో దారికి, ఏ అపరాధభావమూ లేకుండా మారిపోవచ్చు. అది తల్లిదండ్రుల పట్ల నిర్లక్ష్యం కాదు. ఈ లెక్కలన్నీ మీ వారితో కూడా పంచుకోండి. ఆయన మౌనానికి కారణం మీ అమ్మానాన్నలు అనుకోకండి, ఈ ఖర్చు ఎక్కడ ఆగుతుందో తెలియకపోవడం అయి ఉండవచ్చు.

నెలనెలా మందుల ఖర్చు మూడు వేలు దాటుతోందని రాశారు. పాలసీ గానీ ఆయుష్మాన్ గానీ ఇంటి దగ్గర ఏళ్ల తరబడి వాడే ఈ మందులకు డబ్బివ్వవు. బీపీ, రక్తం పలచబడే మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు జన ఔషధి దుకాణాల్లో సగం కంటే తక్కువకే దొరుకుతాయి. గుండె డాక్టరుకు చీటీ చూపించి, వీటిలో ఏవి మార్చవచ్చో అడిగి మార్చండి. స్టెంట్లు పడ్డ మనిషి కాబట్టి ఏ మాత్రా సొంతంగా ఆపకూడదు.

చివరగా అమ్మగారి మోకాళ్లు. గుండెనొప్పిలా ఇది అర్ధరాత్రి వచ్చిపడేది కాదు, ఆసుపత్రిని, గదిని, తేదీని మీరే ఎంచుకోగల వైద్యం. నిమ్స్‌లో కూడా ఒకసారి అంచనా అడగండి. మోకీళ్ల పరికరాల ధరలకు 2017 ఆగస్టులో కేంద్రం పరిమితి పెట్టింది, అప్పటిదాకా లక్షన్నర పైన పలికిన మామూలు రకాన్ని పన్ను కాక 54,720కి తెచ్చింది. తర్వాత ఆ ధరలు సవరిస్తూ వస్తున్నారు కాబట్టి, ఏ రకం పరికరం వేస్తారో, దాని ధర విడిగా ఎంతో రాసిమ్మనండి. గది 5 వేలలోపే కావాలని, లేకపోతే తేదీ మార్చుకుంటామని ముందే చెప్పండి. మీ పాలసీలో మోకీళ్లకు ప్రత్యేక పరిమితి ఉందేమో చూడండి, మీరు పంపిన ప్రతిలో ఆ పేజీ లేదు. కంపెనీయే బిల్లును నేరుగా ఆసుపత్రికి కట్టే క్యాష్‌లెస్ అనుమతి కోసం దరఖాస్తును, ఆసుపత్రిలో చేరడానికి కొన్ని రోజుల ముందే, అక్కడి ఇన్సూరెన్స్ డెస్కు ద్వారా పంపించండి. డిశ్చార్జి రోజున తుది అనుమతిని కంపెనీ మూడు గంటల్లో ఇవ్వాలి, దాని ఆలస్యం వల్ల పడే అదనపు అద్దె కంపెనీయే భరించాలన్న నియమం 2024 నుంచి ఉంది, డెస్కు దగ్గర అవసరమైతే గుర్తుచేయండి.

తేదీ విషయంలో తొందరపడకండి. మీ ఫ్లోటరులో ఈ ఏటి 5 లక్షల్లో నాన్నగారి క్లెయిముకు 1,71,000 ఖర్చయిపోయింది, అంబుడ్స్‌మన్ దగ్గర గెలిస్తే ఆ 57,600 కూడా అందులోనుంచే పోతుంది. అక్టోబరులో రెన్యువలు కట్టిన రోజు నుంచి మళ్లీ పూర్తి 5 లక్షలు ఉంటాయి. డాక్టరు ఆగవచ్చంటే ఆపరేషను నవంబరులో పెట్టించుకోండి. ఈలోపు వారం రోజుల్లో కంపెనీకి ఆ ఈమెయిలు వెళ్లిపోవాలి.